డెబియన్‌లో రస్ట్ ఎందుకంత పాతగా ఉంటుంది?

గద్వాల నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, డెబియన్ 12లో రస్ట్ ఇన్‌స్టాల్ చేసిన. గిట్‌హబ్ నుంచి దించుకున్న ప్రాజెక్ట్ బిల్డ్ అయితలేదు. ఎడిషన్ 2024 కావాలంటుంది. డెబియన్ తీసేసి వేరేది వేసుకోవాల్నా?" ఆగు తమ్ముడూ, ఏదీ తీసేయకు.

ముందు లెక్క చూద్దాం. రస్ట్ 1.0 వచ్చింది 2015 మేలో. అప్పట్నుంచి ఆరు వారాలకో కొత్త వెర్షన్. డెబియన్ స్టేబుల్ మాత్రం దాదాపు రెండేళ్లకోసారి వస్తుంది. 2023 జూన్ 10న డెబియన్ 12 వచ్చేనాటికి బయట రస్ట్ 1.70 నడుస్తోంది, డెబియన్‌లో ఉన్నది 1.63. ఎడిషన్ 2024 వచ్చిందేమో 2025 ఫిబ్రవరిలో, 1.85తో. ఇక ఎర్రర్ రాక ఏం చేస్తుంది?

మరి డెబియన్ వాళ్లు వెంటవెంటనే మార్చొచ్చు కదా అంటారా? రెండు చిక్కులున్నాయి.

ఒకటి, రస్ట్ కంపైలర్‌ని రస్ట్‌లోనే రాశారు. కొత్త వెర్షన్ బిల్డ్ చేయాలంటే దాని ముందు వెర్షన్ చేతిలో ఉండాలి. 1.63 నుంచి ఒక్క దూకులో 1.85కి పోలేం, మెట్టు మెట్టు ఎక్కాలి.

రెండు, లైబ్రరీలు. మనం కార్గో బిల్డ్ కొడితే అవి నెట్ నుంచి వచ్చేస్తాయి. డెబియన్ ప్యాకేజీ బిల్డ్ చేసేటప్పుడు నెట్ వాడకూడదు. అందుకే ఆ లైబ్రరీలనూ ప్యాకేజీలుగా కట్టాలి. పైగా అవి ప్రోగ్రామ్‌లోనే కలిసిపోతాయి. సీ లైబ్రరీలో లోపం దొరికితే మామూలుగా ఆ ఒక్క ప్యాకేజీ మారిస్తే సరిపోతుంది. రస్ట్‌లో దాన్ని వాడిన ప్రతి ప్రోగ్రామ్‌నీ మళ్లీ బిల్డ్ చేయాలి.

ఇక ఫైర్‌ఫాక్స్ సంగతి. అందులో రస్ట్ కోడ్ ఉంది. సెక్యూరిటీ కోసం కొత్త ఫైర్‌ఫాక్స్ ఇవ్వక తప్పదు, దానికి కొత్త రస్ట్ కావాలి. అందుకే డెబియన్ 12లో రస్ట్‌సీ-వెబ్ అని విడి ప్యాకేజీ పెట్టారు. పాత కంపైలర్‌ని కదపలేదు.

నేను మాత్రం కదిపా! బీటెక్ ఫైనల్ ఇయర్, వనపర్తిలో మా ఇల్లు, తెల్లారితే ప్రాజెక్ట్ డెమో. కొత్త వెర్షన్ల కోసం స్టేబుల్ సిస్టమ్‌కి అన్‌స్టేబుల్ రిపాజిటరీ కలిపి అప్‌గ్రేడ్ కొట్టా. సగం ప్యాకేజీలు మారి సగం మధ్యలో ఆగాయి, డెస్క్‌టాప్ తెర మీదికే రాలేదు. పొద్దున ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో, సగం కోడ్‌తో డెమో ఇచ్చా. తప్పు నాదే.

గద్వాల చీర చూడండి. ఒళ్లంతా నూలు, అంచూ కొంగూ పట్టు. మనం కూడా అలాగే చేద్దాం. సిస్టమ్ రస్ట్‌ని అలాగే ఉంచి, రస్ట్ అధికారిక సైట్ నుంచి రస్టప్ వేసుకోండి. అది మీ హోమ్ ఫోల్డర్‌లోనే ఉంటుంది, సుడో అక్కర్లేదు. ఏదైనా తేడా వస్తే దాన్నొక్కదాన్నే తీసేయొచ్చు. ఒకటి గుర్తుంచుకోండి, దాన్ని ఆప్ట్ అప్‌డేట్ చేయదు. 'రస్టప్ అప్‌డేట్' మీరే కొట్టాలి.

2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో రస్ట్ 1.85 ఉంది, తమ్ముడి ప్రాజెక్ట్‌కి ఎడిషన్ తిప్పలుండవు. కానీ ఆ రోజుకే బయట 1.89 వచ్చేసింది. ఈ తేడా ఎప్పుడూ ఉంటుంది, దాని కోసం నడుస్తున్న సిస్టమ్‌ని పాడుచేసుకోకండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా మరి.