టీ మంచిదేనా? – ఒక సభ్యుని ప్రశ్నకు సమాధానం



ఇటీవల ఒక సంఘం సర్వసభ్య సమావేశంలో బోనస్ లెక్కలు, దాణా సంగతులు అయిపోయిన తరువాత ఒక పెద్దాయన లేచి, "ఇన్‌స్పెక్టరుగారూ, టీ తాగితే గుండెకు మంచిదని పేపర్లో రాశారు. మా కోడలేమో వద్దంటుంది. ఇందులో ఏది నిజం?" అని అడిగారు. సభలో అందరూ నవ్వారు. అప్పటికే అందరి చేతుల్లోనూ టీ గ్లాసులున్నాయి. ఆ రోజు రెండు ముక్కల్లో చెప్పి వచ్చేశాను గాని, ఆ ప్రశ్న రెండు ముక్కల్లో తేలేది కాదు. నేను వైద్యుణ్ణి కాను, పాల సంగతి చదువుకున్నవాణ్ణి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు, ఇతర దేశాల శాస్త్రజ్ఞులు చెప్పినవాటిలో మన ఇళ్ళకు పనికివచ్చేవి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆకు సంగతి. గ్రీన్ టీ అయినా, మనం వాడే నల్ల టీ పొడి అయినా ఒకే మొక్క ఆకు. కోసిన ఆకును వెంటనే వేడి చేసి ఆరబెడితే గ్రీన్ టీ అవుతుంది. నలిపి గాలి తగలనిచ్చి, తరువాత ఆరబెడితే నల్ల టీ అవుతుంది. మన కొట్లలో దొరికే గుండ్రటి పలుకుల పొడిని సి.టి.సి. టీ అంటారు. ఆకును యంత్రంలో నలిపి, చింపి, ఉండలుగా చుట్టే ఈ పద్ధతి 1930 ప్రాంతంలో అస్సాంలో మొదలైంది. కొద్ది పొడికే చిక్కటి రంగు వస్తుంది గనుక పాలు పోసి కాచే టీకి ఇది బాగా కుదిరింది.

ఆకులో మనకు ముఖ్యమైనవి రెండు. ఒకటి కెఫీన్. మత్తు వదిలించి చురుకు పుట్టించేది ఇదే. 150 మిల్లీలీటర్ల టీలో ఇది 30 నుంచి 65 మిల్లీగ్రాముల వరకు ఉంటుందని, రోజు మొత్తం మీద 300 మిల్లీగ్రాములు దాటకూడదని 2024లో వెలువడిన మన దేశ ఆహార మార్గదర్శకాలు చెబుతున్నాయి. రెండవది పాలీఫినాల్స్ అనే పదార్థాలు. నాలుక మీద వక్క నమిలినట్టు వగరు తెలిసేది వీటి వల్లనే. టీ వల్ల మేలు జరుగుతుందని చెప్పేవారు చాలావరకు వీటినే చూపుతారు.

మేలు మాట అబద్ధం కాదు. బ్రిటన్‌లో సుమారు ఐదు లక్షల మంది వివరాలను పదకొండేళ్ళకు పైగా పరిశీలించి 2022లో ఒక నివేదిక ప్రకటించారు. రోజుకు రెండు కప్పులు, ఆపైన టీ తాగేవారిలో మరణాల ముప్పు తాగనివారి కంటె 9 నుంచి 13 శాతం తక్కువగా కనిపించింది. పాలు కలుపుకున్నవారిలోనూ ఇదే ఫలితం. అయితే ఇది టీ వల్లనే జరిగిందని రుజువు చేసిన పరీక్ష కాదు. ఆ మనుషుల తిండి, పని, వైద్యం అన్నీ కలిసే ఉంటాయి. పైగా వారి టీ వేరు. ఆకు మీద వేడినీళ్ళు పోసి, వడకట్టి, చెంచాడు పాలు కలుపుతారు. మనం పొడి, పాలు, చక్కెర కలిపి కుతకుతా కాస్తాం. ఎంతసేపు కాస్తే అంత వగరు దిగుతుంది.

పాలు కలిపితే టీ గుణం పోతుందా అని కూడా అడుగుతుంటారు. 2007లో బెర్లిన్ శాస్త్రజ్ఞులు 16 మంది స్త్రీలపై పరీక్ష జరిపి, ఉత్త టీ తాగినప్పుడు రక్తనాళాలు బాగా సడలాయని, పాలు కలిపితే ఆ ఫలితం రాలేదని చెప్పారు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తి టీలోని పదార్థాలను పట్టుకొంటుందని వారి వివరణ. పాల సంఘాల పత్రికలో ఇది రాయడం కొందరికి నచ్చకపోవచ్చు. కాని పరీక్షకు వచ్చింది పదహారు మందే. పైన చెప్పిన పెద్ద పరిశీలనలో పాల వల్ల తేడా కనబడలేదు. కనుక ఈ ఒక్క కారణంతో పాలు మానుకోనక్కరలేదు.

ఇక ఆ కోడలు వద్దన్న మాటకు వస్తాను. ఆమె మాటలోనూ నిజముంది.

టీలోని వగరు పదార్థాలు మన భోజనంలోని ఇనుమును పట్టుకొని ఒంటికి పట్టనివ్వవు. అన్నం, కూరలు, పప్పుల నుంచి వచ్చే ఇనుము మీద ఈ ప్రభావం మరీ ఎక్కువ. 1975లో దక్షిణాఫ్రికాలో జరిపిన పరీక్షలో అన్నంతో కూడిన భోజనంతో పాటు టీ ఇస్తే, ఒంటికి పట్టే ఇనుము నాలుగో వంతుకు పడిపోయింది. మన దేశంలో 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నది. అందుకు టీ ఒక్కటే కారణమని నేను అనను. కాని పాడి ఇంటి ఆడవారి దినచర్య చూడండి. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పేడ తీసి, పాలు పితికి, కేంద్రానికి పంపి, అప్పుడు పరగడుపున ఒక టీ. తొమ్మిదింటికి చద్దన్నమో ఇడ్లీయో తిని, చేయి కడుక్కోగానే ఇంకొక టీ. మధ్యాహ్నం భోజనం మీద మరొకటి. తిన్న కాస్త ఇనుము కూడా ఇలా వృథా అవుతున్నది.

ఇందుకు టీ మానేయాలా? అవసరం లేదు. వేళ మార్చుకుంటే చాలు. భోజనానికి గంట ముందు, భోజనం తరువాత గంటసేపు టీ, కాఫీలు వద్దని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అన్నంలో నిమ్మకాయ పిండుకొన్నా, ఉసిరికాయ నంజుకొన్నా ఇనుము బాగా పడుతుంది. గర్భిణీలు ఐరన్ మాత్రను టీతో మింగడం నేను కళ్ళారా చూశాను. ఆ మాత్ర చాలావరకు దండగ అయినట్టే. పాలతో కూడా మింగకూడదు, పాలలోని కాల్షియం కూడా ఇనుముకు అడ్డు వస్తుంది. మంచినీళ్ళతో మింగాలి.

పిల్లల విషయం ఇంకా ముఖ్యం. ఒక ఊరిలో ఉదయం సేకరణ చూడడానికి వెళ్ళి ఒక సభ్యుని ఇంట ఆగాను. రెండు గేదెలు, పూటకు ఆరు లీటర్లు పోస్తారు, వెన్న శాతం ఏడుకు తగ్గదు. ఇంట్లో టీకి మాత్రం పావులీటరు ఉంచుకుంటారు. నాలుగేళ్ళ పాప టీలో రస్కు ముంచుకొని తింటున్నది. "పాలు తాగదా అమ్మా?" అంటే, "దానికి టీ అలవాటైపోయింది సార్. ఆ పాలు కూడా పోస్తే నాలుగు డబ్బులొస్తాయి గదా" అన్నది తల్లి. నాకు మారుమాట రాలేదు. ఇంకా పాలు పోయండని ఊరూరా తిరిగి చెప్పేది మేమే గదా!

లెక్క చూడండి. చిన్న గ్లాసు టీలో పాలు 40 మిల్లీలీటర్లకు మించవు. అందులో మాంసకృత్తులు గ్రామున్నర, కాల్షియం సుమారు 50 మిల్లీగ్రాములు. అదే 200 మిల్లీలీటర్ల గ్లాసు పాలలో మాంసకృత్తులు ఏడు గ్రాములకు పైన, కాల్షియం సుమారు 240 మిల్లీగ్రాములు. ఆ పాప గ్లాసు పాలు ఉంచుకుంటే కేంద్రానికి పోసేదానిలో తగ్గేది ముప్పయ్యో వంతు మాత్రమే. టీ ఇచ్చినందువల్ల ఆ పాపకు కెఫీన్, చక్కెర అందుతున్నాయి, ఆకలి చస్తున్నది. ఇది తండ్రి కూడా వినవలసిన మాట. పాల డబ్బు చాలా ఇళ్ళలో అతని చేతికే వస్తుంది.

పెద్దవారికి కూడా చక్కెర మీద అదుపు కావాలి. గ్లాసుకు రెండు చెంచాల చొప్పున నాలుగు టీలంటే సుమారు 40 గ్రాములు. రోజుకు 25 గ్రాములకు లోపు ఉంటే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అలాగే పొగలు కక్కే టీని ఊదుకుంటూ తాగడం మగతనమనుకోవద్దు. 65 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన పానీయాలు అన్నవాహిక క్యాన్సరుకు కారణం కావచ్చునని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ప్రకటించింది. రెండు నిమిషాలు ఆగితే పోయేదేమీ లేదు.

బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళవారికి ఒక మాట. పొదిలి, దర్శి ప్రాంతాలలో ఈ జబ్బును 1937లోనే గుర్తించారు. నల్గొండ సంగతి చెప్పనక్కరలేదు. టీ మొక్క నేలలోని ఫ్లోరైడును పీల్చుకొని ఆకుల్లో దాచుకుంటుంది, ముదురు ఆకుల్లో మరీ ఎక్కువ. అటువంటి నీళ్ళలో పొడి దట్టించి కాస్తే రెండూ కలుస్తాయి. అక్కడ శుద్ధి చేసిన నీళ్ళతోనే టీ కాచుకోవాలి, పొడి తగ్గించాలి.

చివరగా, పాలను లాక్టోమీటరుతో చూసుకునే మనం టీ పొడిని చూడకుండానే కొంటున్నాం. తెల్లటి వడపోత కాగితం మీద కొద్దిగా పొడి చల్లి, నీళ్ళు చిలకరించండి. కాసేపాగి పొడి తీసేసి కాగితాన్ని నీళ్ళ కింద పట్టి, వెలుతురులో చూడండి. మంచి పొడి అయితే మరకలు ఉండవు. రంగు కలిపినదైతే మచ్చలు దిగుతాయి. ఆ పొట్లాన్ని మాత్రం కొట్టువానికే తిరిగి ఇచ్చేయండి.