వెన్నెముక వంగుటకు కారణమేమి?

మన గుంటూరు సీమలో ప్రత్తి తీయు దినములందును, మిరపకాయలు కోయు దినములందును స్త్రీలు ప్రొద్దుగ్రుంకువరకు నడుము వంచి పనిచేయుదురు. రాత్రి నొప్పి కలిగినయెడల "వెన్నుపూస తొలగినది, ఎవరిచేతనైన సరిచేయింపుము" అని ఇరుగుపొరుగువారు చెప్పుట కద్దు. ఈ మాటయందు సత్యమెంత? విద్యార్థులమగు మనము విచారింపవలసియున్నది.

వెన్నెముక యొకే యెముక కాదు. శిశువునందు 33 పూసలుండును. మెడయందు 7, వీపునందు 12, నడుమునందు 5 విడివిడిగా నుండును. క్రింది తొమ్మిదియు వయస్సు వచ్చుకొలది కలిసిపోవును. పూసల నడిమి మార్గమున వెన్నుపాము దిగుచు, ఇరుప్రక్కలకు 31 జతల నరములను పంపుచున్నది.

1895వ సంవత్సరమున అమెరికాయందలి డేవెన్‌పోర్టు పట్టణమున డేనియల్ డేవిడ్ పామర్ అనునతడు 'కైరోప్రాక్టిక్' అను హస్తచికిత్సను స్థాపించెను. హార్వే లిల్లార్డు అను చెవిటివాని వీపు నొక్కగా వినికిడి వచ్చెనని యతడు చాటెను. పూసలు తొలగి నరములకు బాధ కలిగించుటచేతనే నూటికి 95 రోగములు పుట్టుచున్నవని యతని సిద్ధాంతము. వినుటకిది సులభము, కాని పరీక్షకు నిలువలేదు. వినికిడి నరము మెదడునుండి నేరుగా చెవికి పోవునే కాని వెన్నెముక గుండా పోదు. పూస నిజముగా స్థానము తప్పుట కలదు. దానిని ఎక్స్‌రే పటమున చూడవచ్చును. పామర్ చెప్పిన తొలగుటయే రోగకారణమనుటకు పరిశోధనల యాధారము లేదని 2010లో బ్రిటను దేశపు కైరోప్రాక్టరుల నియంత్రణ మండలియే ప్రకటించెను. కొన్ని నడుము నొప్పులకు హస్తచికిత్స కొంత యుపశమనము నిచ్చుట మాత్రము నిజము.

ఇక మన ప్రాంతపు కథ వినుడు. దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలు 1970లో ఒంగోలు కేంద్రముగా నూతన జిల్లా యేర్పడువరకు నెల్లూరు జిల్లాలోనివి. ఆ నెల్లూరు జిల్లాలో మెడ త్రిప్పలేక, నడుము నిలుపలేక బాధపడువారిని పరీక్షించి, షార్టు, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు 1937లో కారణమును వెల్లడించిరి. అది పూస తొలగుట కాదు, బావినీటియందలి ఫ్లోరైడు. భూమిలోని రాళ్లనుండి నీట కరగిన యీ పదార్థము ఏండ్ల తరబడి యెముకలలో చేరును. పూసలను బంధించు నరాలవంటి పట్టీలు గట్టిపడి యెముకలగును. వెన్ను వెదురుబొంగువలె బిగిసి వంగును. వెన్నుపాము మార్గము ఇరుకై కాళ్లు చచ్చుబడుటయు కలదు.

అట్టి వెన్నును బలముగా నొక్కుట యెంత యపాయమో యూహింపుడు! బిగిసిన పూసలు విరుగవచ్చును, వెన్నుపాము నలుగవచ్చును. కారణమెరుగని చికిత్స మేలునకు బదులు కీడు చేయును.

ముదిరిన వంకరను సరిచేయు మందు లేదు. రాకుండ చేయుటయే మార్గము. లీటరు నీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించెను. నీరు కాచినంతమాత్రమున ఫ్లోరైడు పోదు; నీరు ఆవిరియై తగ్గినకొలది దాని పాలు హెచ్చును. నిలువచేసిన వాననీరు, నాగార్జునసాగరమువంటి జలాశయముల నీరు, సున్నమును పటికయు కలిపి తేర్చు నల్లగొండ పద్ధతి యిందుకు సాధనములు.

సోదర విద్యార్థులారా! మీ గ్రామమున బాలుర పండ్లపై సుద్దవంటి తెల్లని మచ్చలును, గోధుమవన్నె చారలును కనబడినయెడల బావినీటిని పరీక్ష చేయింపుడని పెద్దలతో చెప్పుడు. నేడు పంటిమీది మచ్చను గుర్తించినవాడు రేపు ఒక వెన్నును నిలుపగలడు.