మన ఎండకు వైరస్ మాడిపోతుందా?

బెంగుళూరు నుంచి హైదరాబాదుకు 44వ నంబరు జాతీయ రహదారిలో దాదాపు 570 కిలోమీటర్లు. కొడికొండ చెక్‌పోస్టు దగ్గర ఆంధ్రలోకి వచ్చి పెనుకొండ, అనంతపురం, గుత్తి మీదుగా సాగుతుంది. కరోనా కాలంలో ఈ దారిన పోవాలా వద్దా అని ఇళ్లలో జరిగిన చర్చల్లో సగం అపోహలే.

అపోహ: అనంతపురం ఎండలో ఏ వైరస్సూ బతకదు.

రెండో అల విరుచుకుపడింది 2021 ఏప్రిల్, మే నెలల్లో, అంటే నడి ఎండాకాలంలో. మే 5 నుంచి ఆంధ్రలో మధ్యాహ్నం 12 గంటలకే కర్ఫ్యూ పెట్టాల్సి వచ్చింది. పైగా ఎండ ముదిరేకొద్దీ మనం చేసేదేమిటి? కారు అద్దాలు బిగించి ఏసీ వేసుకుంటాం. నలుగురి ఊపిరీ ఆ డబ్బాలోనే తిరుగుతుంది. వైరస్‌కు కావలసిందీ అదే. వేడిగాలి కొట్టినా సరే, అద్దాలు కాస్త దించాల్సిందే.

అపోహ: సొంత కారు, ఇంటోళ్లమే, ఎక్కడా ఆగం.

ఈ ‘ఇంటోళ్ల’లో బాడుగ డ్రైవరూ, దారిలో ఎక్కిన మేనమామా ఉంటారు! ఇక ఆగకుండా పోవడమంటారా, 570 కిలోమీటర్లలో అది మాటవరసకే. పెట్రోలు బంకులో ఆరుబయట అయిదు నిమిషాలు ఆగితే వచ్చే ముప్పు తక్కువ. తలుపులు మూసిన ఏసీ హోటల్లో మాస్కులు తీసి అరగంట తింటే వచ్చే ముప్పు చాలా ఎక్కువ.

అపోహ: చెక్‌పోస్టులో జ్వరం లేదన్నారు, పాసూ ఉంది.

పాసు ప్రయాణానికి అనుమతి, ఆరోగ్యానికి పూచీ కాదు. వైరస్ సోకాక లక్షణాలు బయటపడడానికి సాధారణంగా 5, 6 రోజులు, ఒక్కోసారి 14 రోజులు పట్టేది. జ్వరం రాకముందే, రెండు రోజుల ముందు నుంచే, ఇతరులకు అంటించగలరు. నుదుటికి పెట్టే గన్నుకు అదెలా తెలుస్తుంది? చెక్‌పోస్టులో మనుషుల మీద చల్లే క్రిమిసంహారక మందూ అంతే; అది వద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2020 ఏప్రిల్‌లోనే చెప్పింది.

అపోహ: దాటిపోయేవాళ్లతో ఊరికేం నష్టం?

అమెరికాలో నవహో తెగ నేల మీదుగా కూడా ఇలాగే పెద్ద రహదారులు పోతాయి. అక్కడ మూడోవంతుకు దగ్గరగా ఇళ్లకు కొళాయి లేదు. 2020 మేలో జనాభా లెక్కన అక్కడి కేసులు న్యూయార్క్ రాష్ట్రాన్ని మించాయి. వాళ్లు వారాంతపు కర్ఫ్యూలు పెట్టి, పర్యాటకులను రావద్దన్నారు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే మన అనంతపురం జిల్లాలో కూడా ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టే ఊళ్లున్నాయి. ఆ ఊళ్లలో 20 సెకన్లు చేతులు కడగమనడం తేలిక, కడగడం కష్టం.

అందుకే అప్పట్లో దారికి ముళ్లకంప అడ్డం వేసిన ఊళ్లను నేను తిట్టలేను. కానీ బెంగుళూరు కూలి నుంచి తిరిగొస్తున్న సొంత ఊరివాళ్లకు అదే కంప అడ్డమైతే మాత్రం ఒప్పుకోలేను. వాళ్లది విహారం కాదు, ఇల్లు చేరడం.

తప్పనిసరై బయల్దేరితే చిత్రాన్నం మూట, ఇంటి నీళ్లు వెంట ఉండాలి. హోటలు వదిలి ఏ చింతచెట్టు కిందో ఆగితే చాలు.