షెవాలియే: గుర్రం దిగిన బిరుదు

చిన్నప్పుడు శివాజీ గణేశన్ ఇంటిపేరు 'సెవాలియే' అనుకునేదాన్ని. అవినాశిలో మా తాత టీవీ ముందు కూర్చుంటే ఆ రెండూ కలిపే పలికేవాడు. మొన్న సెలవుల్లో అడిగితే, "అది సర్ బిరుదు లాంటిది పాపా, ఫ్రాన్సు రాజు ఇచ్చాడు" అన్నాడు. ఫ్రాన్సులో రాజులు పోయి ఎన్నాళ్ళయిందో తెలుసా అని నవ్వేశాను. తాత చిన్నబుచ్చుకున్నాడు. నవ్వినందుకైనా సరిగ్గా తెలుసుకోవాలి కదా!

ఫ్రెంచిలో 'షెవాల్' అంటే గుర్రం. గుర్రమెక్కి యుద్ధం చేసేవాడు షెవాలియే. దీని మూలం లాటిన్ 'కబల్లుస్'. అదేమంత గొప్ప మాట కాదు, బరువులు లాగే మామూలు గుర్రాన్ని అనేది. కానీ మధ్యయుగాల్లో గుర్రాన్నీ కవచాన్నీ సొంతంగా పెట్టుకోవడం ఉన్నవాళ్ళకే సాధ్యం. ప్రభువు భూమి ఇచ్చేవాడు, పిలిచినప్పుడు వీళ్ళు యుద్ధానికి వెళ్ళాలి. అలా గుర్రపువాడన్న మాట మెల్లగా వీరుడికి, పెద్దమనిషికి పేరయింది. మధుర నాయకుల కింద మన పాళెగాళ్ళది అచ్చం ఇదే పద్ధతి కాకపోయినా దగ్గరిదే: పాళెం అనుభవించు, సైన్యం పంపు. 1959లో శివాజీ వేసిన కట్టబొమ్మన్ కూడా పాళెగాడే, తెలుగు మూలాలున్న వంశం వాడే.

షెవాలియేకి తెలుగులో సరిపోయే మాట రౌతు. 'రౌతు కొద్దీ గుర్రం' అనే సామెత క్లాసులో వినేదాకా నాకా మాట తెలీదు. మా ఇంటి తెలుగులో అది లేదు, తమిళంలో రావుత్తర్ అనే కులం పేరుగానే విన్నాను. రౌతు సంస్కృత 'రాజపుత్ర' నుంచి ప్రాకృతం మీదుగా వచ్చిందట. అంటే ఇక్కడ రాజు కొడుకు గుర్రపువాడయ్యాడు, అక్కడ గుర్రపువాడు దొరయ్యాడు!

ఇప్పటి షెవాలియేకి గుర్రంతో పనిలేదు. 1802లో నెపోలియన్ పెట్టిన లీజియన్ ఆఫ్ ఆనర్‌లో అయిదు మెట్లుంటే, అన్నిటికన్నా కింది మెట్టు షెవాలియే. శివాజీకి 1995లో, కమల్ హాసన్‌కి 2016లో వచ్చింది మాత్రం అది కాదు. కళలు, సాహిత్యం కోసం 1957లో ఫ్రాన్సు పెట్టిన వేరే పురస్కారం. అందులో మూడే మెట్లు, షెవాలియే మొదటిది. చాలామంది రెండిటినీ కలిపేస్తారు. నేనూ కలిపేశాను.

మన రాజ్యాంగం 18వ అధికరణం ప్రకారం పౌరులు విదేశీ బిరుదులు తీసుకోకూడదు. మరి ఇదెలా? బిరుదు వేరు, పురస్కారం వేరు. పద్మ పురస్కారాలు బిరుదులు కావు, కానీ పేరుకి ముందూ వెనకా తగిలించుకోకూడదని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. 1931లో 'సర్' అయిన సర్వేపల్లి రాధాకృష్ణన్ స్వాతంత్ర్యం వచ్చాక ఆ మాట వాడటం మానేశారు. నా లెక్కలో షెవాలియే కూడా పేరు ముందు ఉండకూడదు.

ఇదంతా తాతకి చెప్పాను. నాయుడు అన్నదీ 'నాయక' నుంచి వచ్చిన బిరుదేనని, అందుకే నా పేరుకి ఇనీషియల్ ఒక్కటే చాలని కూడా అన్నాను. ఓపిగ్గా విన్నాడు.

"చెన్నై టీ నగర్‌లో రోడ్డుకే సెవాలియే శివాజీ గణేశన్ సాలై అని పేరు పెట్టారు. ముందు పోయి ఆ బోర్డు తీయించు, తర్వాత నా నాయుడు సంగతి చూద్దాం" అన్నాడు.