బస్టాండు ముందు సైకిలుకూ దారి కావాలి

విడపనకల్లు నుంచి ఉరవకొండకో, గుంతకల్లుకో, బళ్లారికో పోవాలంటే బస్సు ఎక్కుతాం. ఇంట్లో మోటారు బండి లేనివారు, బడి పిల్లలు బస్సు దాకా రావడానికి సైకిలే ఆధారం. ఆ చివరి వంద గజాల్లోనే అపాయం ఎక్కువ. తలకు దెబ్బ తగిలి వచ్చిన పిల్లల పక్కన రాత్రంతా మేలుకొన్న నర్సుగా చెబుతున్నాను: కట్టు కట్టడం మా పని, ఆ కట్టు అవసరం రాకుండా చూడటం మనందరి పని.

ప్రమాదం ఎలా జరుగుతుంది?

మన దేశంలో సైకిలు రోడ్డుకు ఎడమ అంచున పోతుంది. బస్సు కూడా మనుషులను ఎక్కించుకోవడానికి ఆ అంచుకే వస్తుంది. అప్పుడు సైకిలు మీదున్నవారు బస్సును తప్పించుకోవడానికి కుడివైపు రోడ్డు మధ్యకు జరుగుతారు. వెనుక నుంచి లారీ వస్తుంటే ఇక చెప్పేదేముంది! బస్సుకు ఎడమ పక్కన ఆనుకుని ఉన్న సైకిలు డ్రైవరుకు ఒక్కోసారి అద్దంలో కనబడనే కనబడదు.

మంచి సైకిలు దారి ఎలా ఉండాలి?

1. బస్సు ఆగే చోట సైకిలు దారి బస్సుకూ రోడ్డుకూ మధ్య కాక, ప్రయాణికులు నిలబడే అరుగు వెనుక నుంచి పోవాలి. అన్నింటికన్నా ముఖ్యమైనది ఇదే.
2. ఉత్త రంగు గీత చాలదు. రోడ్డుకూ సైకిలు దారికీ మధ్య గట్టు ఉండాలి.
3. దారి మొదట్లో మోటారు సైకిళ్లు, ఆటోలు దూరకుండా రాళ్లు పాతాలి. సైకిలు పట్టేంత సందు మాత్రం వదలాలి.
4. ప్రయాణికులు సైకిలు దారిని దాటే చోట గుర్తులు, రాత్రికి దీపం ఉండాలి.

ఇతర చోట్ల ఏం జరిగింది?

హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారిని 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. పైకప్పుగా సౌర పలకలు వేశారు. వాహనాలకు దూరంగా, నీడలో తొక్కవచ్చు. మన ఎండలకు నీడ ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. ఢిల్లీలో 2008లో బస్సుల మార్గంతో పాటు సైకిలు దారి కూడా వేశారు. అందులోకి మోటారు సైకిళ్లు చొరబడ్డాయి. దారి వేస్తే సరిపోదు, కాపాడుకోవాలి కూడా.

వేగం సంగతి

బండి వేగం రెట్టింపైతే గుద్దుడు బలం నాలుగు రెట్లవుతుంది. అందుకే మనుషులు, సైకిళ్లు, వాహనాలు కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు మించరాదని 2020లో స్టాక్‌హోంలో జరిగిన ప్రపంచ రహదారి భద్రతా సమావేశం కోరింది. బస్టాండుకు రెండు వైపులా వేగ నిరోధకాలు, వాటికి ముందు హెచ్చరిక బోర్డు ఉంటే చాలా మేలు.

మనం చేయగలిగినది

గ్రామసభలో ఈ మాట ఎత్తండి. బస్సు ఎక్కడ ఆగుతుందో, సైకిళ్లు ఎటు పోతాయో కాగితం మీద గీసి అర్జీతో పాటు ఇవ్వండి. అంతవరకు పిల్లలకు మూడు మాటలు నేర్పండి: ఆగిన బస్సుకు ఎడమ పక్కన దూరవద్దు, రద్దీలో దిగి నడిపించుకుని పోవాలి, వెనుక మడ్‌గార్డుకు మెరిసే స్టిక్కరు అంటించాలి.

బడికి సైకిలు మీద పోయిన బిడ్డ సాయంత్రం అదే సైకిలు మీద ఇల్లు చేరాలి.