కోతిలోని కవచము

పంజగుట్ట దాటి అమీరుపేట చేరువారిలో పెద్దలకు, డాక్టర్ రెడ్డీస్ ఔషధ సంస్థ కార్యాలయము చాలకాలము ఆ పేటలోనే ఉండెడిదని జ్ఞాపకముండును. 1984లో స్థాపింపబడిన ఆ సంస్థయు, హైదరాబాదుకే చెందిన హెటిరో సంస్థయు లెనకపవిర్ అను మందును తయారుచేయుటకు 2024లో అమెరికాలోని గిలియడ్ సంస్థనుండి అనుమతి పొందినవి. ఏడాదికి రెండుమార్లు సూదిమందుగా తీసికొనినచో ఇది హెచ్.ఐ.వి. సోకకుండ కాపాడును. ఈ మందు వైరసును ఎచ్చట దెబ్బతీయునో గ్రహించుటకు ముందుగా కోతిని గూర్చి తెలిసికొనవలెను.

మన ఊళ్లలో తిరుగు రీసస్ కోతికి హెచ్.ఐ.వి.-1 ఎక్కించినను వ్యాధి రాదు. ఏల? ఇందుకు ముఖ్యకారణమును 2004లో అమెరికా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పల్లీలను కాగితపు పొట్లములో కట్టినట్లు, ఈ వైరసు తన జన్యువులను శంకువువంటి ఒక తొడుగులో దాచుకొనును. కణములో ప్రవేశించిన పిదప ఆ పొట్లము తగిన వేళకే విడవలెను. కోతి కణములలోని ట్రిమ్-5 ఆల్ఫా అను ప్రోటీను ఆ తొడుగును వలవలె చుట్టి, వేళకు ముందే విప్పివేయును. పల్లీలు దారిలోనే చెదరిపోవును.

ఈ ప్రోటీను మనకును కలదు. కాని అది హెచ్.ఐ.వి. తొడుగును గట్టిగా పట్టజాలదు. లోపమెంత? ప్రోటీను అనగా అమినో ఆమ్లముల దండ. మన ప్రోటీనులో 332వ పూస ఆర్జినిన్. దానిని తీసి ప్రోలీన్‌ను కూర్చగా మన ప్రోటీనుకును హెచ్.ఐ.వి.ని అడ్డుకొను శక్తి వచ్చునని 2005లో ప్రయోగశాలలో తేలినది. ఒక్క పూసలో అంత భేదము!

అట్లని కోతి మనకంటె మేలైనదని తలపరాదు. ఆఫ్రికా కోతులనుండి వచ్చిన మరియొక వైరసు సోకినచో రీసస్ కోతికిని ఎయిడ్స్ వచ్చును. వానర జాతుల జన్యువులను పోల్చిచూడగా, ఈ ప్రోటీనులో వైరసును పట్టుకొను భాగమే మిక్కిలి మారినట్లు కనబడినది. ప్రతి జాతియు తన పూర్వులు ఎదుర్కొన్న శత్రువులకు తగిన కవచమునే పొందినది. ఇట్టి పోలికలకై 233 వానర జాతులకు చెందిన 809 జీవుల జన్యుపటములను 2023లో ప్రకటించిరి. ఆ కృషిలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును పాల్గొనిరి.

లెనకపవిర్ కోతినుండి తీసినది కాదు. కాని దాని గురియు ఆ తొడుగే. అది తొడుగులోని ప్రోటీనుల నడుమ చేరి, వైరసు పనిని చెడగొట్టును. దక్షిణాఫ్రికా, ఉగాండాలలో ఈ మందు పొందిన 2,134 మంది స్త్రీలలో ఒక్కరికిని హెచ్.ఐ.వి. సోకలేదని 2024లో వెల్లడియైనది. ఒక మనిషికి ఏడాదికి సుమారు 40 డాలర్ల ధరకు 2027 నుండి దీనిని 120 దేశములకు అందించు ఏర్పాటులను, పైన చెప్పిన రెండు సంస్థలతో, 2025లో ప్రకటించిరి.

ఇది వ్యాధిని పూర్తిగా మాన్పు మందు కాదు, టీకాయును కాదు. అయినను వైరసు కోటలో బలహీనమైన గోడ ఏదో మనకిపుడు తెలిసినది. ఆ గోడను ప్రకృతి ఏనాడో గుర్తించినదనుటకు మన చెట్లపై కోతియే సాక్షి.