తేనెపెట్టెలో సుద్దముక్కలు

వానలు ముసురుకున్న రోజుల్లో ఒక్కోసారి తేనెపెట్టె ద్వారం ముందు చిన్న తెల్లని ముక్కలు పడి ఉంటాయి. చూడటానికి బడిలోని సుద్దముక్కల్లా ఉంటాయి. నిజానికి అవి చనిపోయి ఎండిపోయిన ఈగ పిల్లలు. ఈ జబ్బును సుద్ద తెగులు లేదా చాక్‌బ్రూడ్ అంటారు. ఇది ఎక్కువగా ఐరోపా తేనెటీగల్లో కనిపిస్తుంది.

దీనికి కారణం ఆస్కోస్ఫెరా ఏపిస్ అనే శిలీంధ్రం. దాని సిద్ధబీజాలు ఆహారంతో పాటు లార్వా కడుపులోకి చేరి మొలకెత్తుతాయి. శిలీంధ్ర తంతువులు శరీరమంతా అల్లుకుంటాయి. సాధారణంగా గదికి మూత పడిన తరువాత లార్వా చనిపోయి, తెల్లగా గట్టిపడుతుంది. శిలీంధ్రం మళ్ళీ సిద్ధబీజాలను తయారు చేస్తే ఆ ముక్క నల్లబడుతుంది. ఈ సిద్ధబీజాలు 15 ఏళ్ళకు పైగా బతికి ఉండగలవు.

మరి సిద్ధబీజాలున్న ప్రతి పెట్టెలోనూ తెగులు ఎందుకు రాదు? పిల్లలు పెరిగే చోట ఈగలు సుమారు 35 డిగ్రీల సెల్సియస్ వేడిని నిలుపుతాయి. ఈగలు తక్కువై ఆ వేడి 30 డిగ్రీలకు తగ్గినా, పెట్టెలో చెమ్మ నిలిచినా శిలీంధ్రానికి అదను దొరుకుతుంది.

ఇప్పుడు అండమాన్ నికోబార్ దీవుల సంగతి చూద్దాం. అక్కడ ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. మే నెలలో మొదలైన వానలు డిసెంబరు దాకా సాగుతాయి. కాబట్టి అక్కడ తేనెటీగలు పెంచేవారికి చెమ్మే మొదటి శత్రువు.

ఏం చేయాలి? పెట్టెను నేలకు ఎత్తుగా, గాలి ఆడే చోట, నీరు జారిపోయేలా కాస్త ముందుకు వంచి ఉంచాలి. బలహీనమైన కుటుంబానికి చట్రాలు తగ్గించాలి. రాలిన ముక్కలను ఏరి కాల్చేయాలి. బాగా సోకిన పట్టులను, పాత నల్లని పట్టులను తీసివేయాలి. జబ్బుపడ్డ పిల్లలను త్వరగా బయటకు లాగేసే కుటుంబం నుంచి కొత్త రాణి ఈగను తెచ్చిపెట్టాలి. యాంటీబయాటిక్ మందులు శిలీంధ్రంపై పనిచేయవు సరికదా, వాటి అవశేషాలు తేనెలో మిగులుతాయి.

పిల్ల చనిపోయిందంటే సుద్ద తెగులే అనుకోకూడదు. నీరు నిండిన సంచిలా కనిపిస్తే అది వైరస్ వల్ల వచ్చే సంచి తెగులు. 1990ల తొలి ఏళ్ళలో దక్షిణ భారతంలో పుట్ట తేనెటీగలను అదే తుడిచిపెట్టింది. అనుమానం వస్తే శ్రీ విజయపురంలోని (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ వంటి చోట నమూనా చూపించడం మేలు.

చివరగా ఒక్క మాట. చుట్టూ సముద్రమున్న ఆస్ట్రేలియాలో 1993 వరకు సుద్ద తెగులు కనబడలేదు. ఒకసారి ప్రవేశించాక మాత్రం అది ఇతర ప్రాంతాలకు పాకింది. పాత పెట్టెలు, పట్టులు, పుప్పొడి ద్వారా సిద్ధబీజాలు ఎంత దూరమైనా ప్రయాణిస్తాయి. దీవులకు సముద్రమే పెట్టని కోట. పరీక్షించని పెట్టెను ఓడ ఎక్కించామంటే ఆ కోట తలుపు మన చేతులతో మనమే తెరిచినట్లు.